దండ వేసిన కారు

ఆశ్రమానికి వచ్చి ఇన్నాళ్ళయినా సుంకన్నకు ఒక్కటే బాధ. చుట్టూ అంతమంది ఉన్నా తనకు ఎవరూ లేనట్టే ఉండేది. భోజనాల పంక్తిలో అటొకరూ ఇటొకరూ మోచేతులు తగిలేంత దగ్గరగా కూర్చునేవాళ్ళు. అయినా తన విస్తరి ఒక్కటే ఎక్కడో విడిగా వేసినట్టు అనిపించేది. ఎవరైనా "బాగుండావా సుంకన్నా" అంటే "బాగుండా" అనేవాడు. ఆ మాట అంతటితో అయిపోయేది.

అతను నంద్యాలలో అన్న మద్దిలేటితో కలిసి కార్ల షెడ్డు నడిపినవాడు. ఇద్దరూ ఒక్క మాట మీద బతికారు, వేరుపడేదాకా. వేరుపడ్డాక ఒకే వీధిలో ఎదురెదురుగా షెడ్లు పెట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా పనిచేశారు. చివరికి అన్న బళ్ళారికి వెళ్ళిపోయాడు. ఎదురుషెడ్డుకు తాళం పడినరోజు సుంకన్న "పీడా పోయింది" అని అందరితోనూ అన్నాడు. కానీ ఆ రోజు నుంచే అతనికి పని మీద మనసు పోయింది. పెళ్ళా పిల్లలా, ఉండమనేవాళ్ళు ఎవరూ లేరు. షెడ్డు మూసి, నల్లమల అంచున ఎర్రచెలమ దగ్గరున్న ఈ ఆశ్రమానికి వచ్చి తెల్లబట్ట కట్టాడు.

అన్నతో చెడినప్పటి నుంచి ఎవరినీ సాయం అడగకూడదని అతను పట్టు పట్టాడు. బావి నుంచి నీళ్ళకాగు ఒక్కడే మోసేవాడు. భజన అయ్యాక జంపఖానా కూడా ఒక్కడే మడతపెట్టేవాడు. అంత పెద్ద జంపఖానా ఒక్కడే మడతపెట్టడమంటే ఎంత తిప్పలో పెట్టినవాళ్ళకే తెలుస్తుంది. ఎవరైనా ఆ కొస పట్టుకోబోతే "వద్దులే, నేను చూసుకుంటా" అనేవాడు. రానురాను పట్టుకోబోయేవాళ్ళు కూడా మానుకున్నారు.

చిన్నస్వామి అరుగు మీది నుంచి ఇదంతా చూస్తూ ఉండేవాడు. పేరుకు చిన్నస్వామి గానీ ఆయనకు డెబ్బై దాటాయి. ఆశ్రమం కట్టిన పెద్దస్వామి పోయి చాలా ఏళ్ళయినా ఈయన చిన్నస్వామిగానే మిగిలిపోయాడు.

ఒకరోజు పొద్దున సుంకన్న వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాడు. స్వామి చాట ఒళ్ళో పెట్టుకుని చింతపండులో గింజలు తీస్తున్నాడు.

"మందిలో ఉంటేనే ఒంటరిగా ఉంటాంది స్వామీ," అన్నాడు సుంకన్న. "ఎవరూ లేనిచోట ఉంటే ఈ బాధ ఉండదేమో. కోనలో గుహ ఖాళీగా ఉండాది కదా. మౌనం పట్టి ఆడనే ఉండిపోతా. సెలవియ్యండి."

స్వామి ఒక గింజ తీసి పక్కన వేశాడు.

"తిరిగి వస్తావా?"

"రాను స్వామీ."

స్వామి వద్దంటాడని, నాలుగు మంచిమాటలు చెబుతాడని అనుకుని సుంకన్న జవాబులన్నీ ముందే కూర్చుకుని వచ్చాడు. అవేవీ అక్కరకు రాలేదు.

"సరే పో," అన్నాడు స్వామి. "పోయే ముందర, షెడ్డులో కారుండాది. దాన్ని నడిచేట్టు చేసి పో."

*

ఆ కారు గురించి చెప్పాలి. అది అంబాసిడర్లు రాకముందు తిరిగిన ల్యాండ్‌మాస్టర్, పెద్దస్వామి వాడిన బండి. ఆయన పోయినప్పటి నుంచి షెడ్డులోనే ఉంది. ఉందంటే ఊరికే లేదు, పూజలందుకుంటూ ఉంది. బానెట్టుకు పసుపూ కుంకుమా, ముందు అద్దానికి చామంతిదండ, వెనక సీటు మీద పట్టుగుడ్డ పరిచి పెద్దస్వామి పటం. ప్రతి గురువారం బంపరు మీద కొబ్బరికాయ కొట్టేవాళ్ళు. వచ్చినవాళ్ళందరూ దండం పెట్టుకుని, అపచారం అవుతుందేమోనని నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడేవాళ్ళు. తలుపు తీసి లోపల కూర్చున్న పాపాన ఎవరూ పోలేదు.

ఈ పూజంతా చూసుకునేది నాగరత్తమ్మ. సుంకన్న పానాలపెట్టె పట్టుకుని షెడ్డులోకి రాగానే ఆమెకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

"చెప్పులిడిసి ముట్టు నాయనా," అంది. "బోల్టులు తిప్పేముందర ఒకసారి కండ్లకద్దుకో."

సుంకన్న అద్దుకున్నాడు.

అతను బానెట్టు ఎత్తి చూశాడు. బయట ఎక్కడా సొట్ట లేదు, గీత లేదు. ఎండ తగల్లేదు, వాన తగల్లేదు. లోపల మాత్రం కదలాల్సినవన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకుపోయాయి. బ్రేకులు డ్రమ్ములకు అతుక్కున్నాయి. పిస్టన్లు ఉన్నచోటే పట్టేశాయి. నంద్యాలలో అతను రాత్రింబగళ్ళు తిరిగిన టాక్సీలను విప్పినవాడు. అవి ఒళ్ళంతా సొట్టలతో వచ్చేవి, కానీ బంపరు దగ్గర హ్యాండిలు పెట్టి తిప్పితే ఇంజను కదిలేది. ఇది వీసమంత కూడా కదల్లేదు.

ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాల్లో నూనె పోసి ఊరబెట్టాడు. రోజూ పొద్దునా సాయంత్రం హ్యాండిలు పెట్టి కొద్దిగా ఒత్తి చూసేవాడు. బలం పెట్టేవాడు కాదు, పెడితే విరుగుతుంది. ఈలోగా పెట్రోలు ట్యాంకు దించాడు. కార్బురేటరుకు పోయే గొట్టంలో ఏదో అడ్డం పడి ఉంది. సన్నటి తీగ పెట్టి లాగితే, నల్లగా నానిన తులసిపుల్లలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి.

నాగరత్తమ్మ తల దించుకుంది.

"ఏకాదశికి ఒక ఉద్ధరిణెడు తీర్థం పోస్తా ఉండినా నాయనా," అంది. "అన్నేండ్లు తిరిగిన బండి. దప్పిగొంటాదేమోనని."

సుంకన్నకు నవ్వు ఆగలేదు. షెడ్డు గోడకు ఆనుకుని, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. నాగరత్తమ్మ ఏమీ తోచక తనూ కొంచెం నవ్వి, పూలు కోసుకురావాలని వెళ్ళిపోయింది. ఆమె పోయాక సుంకన్న అరచేతిలో ఆ పుల్లలు పెట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. ఇది మద్దిలేటికి చూపించాలనిపించింది. అన్న అయితే ఏడాది పొడుగునా చెప్పుకుని నవ్వేవాడు. ఎదురుషెడ్డుకు తాళం పడినప్పుడు కూడా సుంకన్న గుండె అంత బరువెక్కలేదు.

పిడికిలి మూసుకుని నేరుగా చిన్నస్వామి గదికి వెళ్ళాడు. అది ఆయన భోంచేసే వేళ, ఎవరూ లోపలికి పోరు. సుంకన్న ఆ సంగతి మరిచిపోయి తలుపు తోశాడు. గది మధ్యలో ఒకే ఒక్క విస్తరి, దాని ముందు స్వామి, ఎదురుగా ఖాళీ గోడ. ఆయన రోజూ ఇలాగే తింటాడని సుంకన్నకు అంతవరకూ తట్టలేదు.

"చూపిద్దామని వచ్చినా స్వామీ," అని పిడికిలి తెరిచాడు.

స్వామి ఒక పుల్ల తీసి కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. మొహం వికారంగా పెట్టాడు.

"పెట్రోలు వాసన," అన్నాడు. తర్వాత ఎడమచేత్తో పక్కన చాప తట్టాడు. "కూర్చో. ఇంకా ఏముండాది లోపల?"

*

అప్పటి నుంచి ఆ వేళకు సుంకన్న ఏదో ఒకటి పట్టుకుని వెళ్ళేవాడు. గాలిగొట్టంలో ఎలుకలు పెట్టిన గూడు ఒకరోజు. ఆ గూడంతా గుడిలో దీపాల వత్తులే. సీటు స్ప్రింగుల్లో ఇరుక్కున్న తాయెత్తు ఒకరోజు. స్వామి అన్నీ తిప్పి చూసేవాడు, అడిగి చెప్పించుకునేవాడు. తను రోజూ పోతున్నానన్న సంగతి సుంకన్నకు తట్టనే లేదు. అడిగితే పని ఎంతవరకు వచ్చిందో చెప్పడానికే అనేవాడు.

ఒకరోజు ముందు సీటు కింద గుప్పెడు వేరుశనగ తొక్కలు దొరికాయి. ఎండి, నలిగి, మట్టిరంగు అయ్యాయి.

"ఎలుకలు బుడ్డలు కూడా తినిపోయినాయి స్వామీ," అన్నాడు నవ్వుతూ.

స్వామి నవ్వలేదు. ఆ తొక్కలు అరచేతిలోకి తీసుకుని వేళ్ళు మూశాడు.

"ఎలుకలవి గాదులే," అన్నాడు. ఆ రోజు ఇంకేమీ అడగలేదు.

టైర్ల కోసం, పాతసామాను కోసం సుంకన్న నంద్యాల వెళ్ళివచ్చాడు. తన వీధిలోకి పోకూడదనుకుంటూనే పోయాడు. అన్న షెడ్డు ఉన్నచోట ఎవరో సెల్లుఫోన్ల దుకాణం పెట్టారు. కాసేపు నిలబడి చూసి వచ్చేశాడు.

వచ్చిన మర్నాడు హ్యాండిలు పెట్టి ఒత్తితే ఇంజను అర అంగుళం కదిలింది. ఇంకో నాలుగు రోజులకు పూర్తిగా ఒక చుట్టు తిరిగింది.

*

బండి స్టార్టు చేసేరోజు ఆశ్రమమంతా షెడ్డు ముందు చేరింది. సెల్ఫ్ మోటారు ఎప్పుడో కాలిపోయింది, దానికి సామాను దొరకలేదు. కొత్త బ్యాటరీ కూడా లేదు. భజన మైకుసెట్టుకు వాడే బ్యాటరీ తెచ్చి తగిలించాడు సుంకన్న. దానికి నిప్పురవ్వ పుట్టించే బలం ఉంది, ఇంజను తిప్పే బలం లేదు. తిప్పాల్సింది మనిషే.

హ్యాండిలు కొట్టే బండి ఇద్దరు మనుషుల పని. ఒకరు ముందు నిలబడి కొట్టాలి, ఒకరు లోపల కూర్చుని, చల్లబడి ఉన్న ఇంజను అందుకునేందుకు చోకు లాగి, అది అందుకోగానే ఎక్సిలేటరు తొక్కాలి. నంద్యాలలో అన్న లోపల కూర్చునేవాడు, తమ్ముడు బయట కొట్టేవాడు. ఇప్పుడు లోపల ఎవరున్నారు?

సుంకన్న చోకు లాగి దానికి పురికొస కట్టాడు. ఎక్సిలేటరు మీద ఇటుకరాయి పెట్టాడు. వచ్చి కొట్టాడు. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పరుగెత్తి రాయి జరిపాడు, వచ్చి కొట్టాడు. ఈసారి అందుకుంది. అతను తలుపు దగ్గరికి పోయేలోగా ఆగిపోయింది. మళ్ళీ కొట్టాడు. హ్యాండిలు వెనక్కి తన్ని మణికట్టు మీద తగిలింది. చెయ్యి చూస్తుండగానే వాచింది.

చూస్తున్నవాళ్ళలో ఎవరూ ముందుకు రాలేదు. వస్తే ఏమంటాడో అందరికీ తెలుసు. సుంకన్నకు ఒక్కమాట అడగాలని నోటిదాకా వచ్చింది. వచ్చి, అక్కడే ఆగింది. అంతమంది మధ్యలో, వాచిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, అతను బంపరు పక్కన నేల మీద కూర్చుండిపోయాడు.

అప్పుడు చిన్నస్వామి అరుగు దిగి వచ్చాడు. జనం దారి ఇచ్చి వెనక్కి జరిగారు. నాగరత్తమ్మ కుర్చీ కోసం పరుగెత్తబోయింది. ఆయన ఎవరినీ చూడలేదు. కారు తలుపు తీసి, స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఇటుక తీసి బయట పెట్టాడు, పురికొస విప్పాడు. చూడకుండానే ఆయన చెయ్యి గేరుకడ్డీ మీదికి పోయింది.

"తోలేది ఆయనకు తెలుసు నాయనా," అంది నాగరత్తమ్మ సుంకన్న చెవిలో. "పెద్దస్వామికి డ్రైవరు ఈయనే. అప్పుడు ఓబులేసు అనేటోళ్ళం."

"చోకు ఎంత లాగల్ల?" అని స్వామి లోపలి నుంచి అడిగాడు.

సుంకన్న లేచి నిలబడ్డాడు. "సగం స్వామీ."

"కొట్టు."

అన్న నోట ఆ ఒక్కమాట విని ఎన్నేళ్ళయిందో. సుంకన్న మంచి చేత్తో హ్యాండిలు పట్టుకుని కొట్టాడు. ఇంజను దగ్గింది, ఆయాసపడింది, అందుకుంది. లోపల స్వామి కాలు మెల్లగా తొక్కింది, వదిలింది, తొక్కింది. నల్లటి పొగ షెడ్డంతా కమ్మేసింది. ఆ పొగలోనే నాగరత్తమ్మ కర్పూరం వెలిగించింది. చామంతిదండ అద్దం మీద గడగడ వణుకుతోంది. స్వామి చెయ్యి బయట పెట్టి దాన్ని తీసేశాడు.

"మూట తెచ్చుకో," అన్నాడు సుంకన్నతో. "గుహ దగ్గర దించి వస్తా."

*

మూటలో రెండు పంచెలు, ఒక చెంబు, దుప్పటి. సుంకన్న వెనక తలుపు తీశాడు. పెద్దస్వామి పటం, పట్టుగుడ్డ. ఎక్కడ కూర్చోవాలో తెలీక నిలబడ్డాడు. స్వామి ముందు సీటు తట్టాడు. గురువు పక్కన సమానంగా కూర్చోవడమేమిటని జనం ముక్కున వేలేసుకున్నారు. సుంకన్న హ్యాండిలు సీటు కింద పెట్టి, మూట పట్టుకుని, సీటు అంచున కూర్చున్నాడు.

బండి కదిలింది. సీతాఫలం చెట్ల మధ్య ఎర్రమట్టి బాట మీద మెల్లగా పోతోంది.

"పెద్దస్వామి వెనక కూర్చునేటోళ్ళా స్వామీ?" అని సుంకన్న అడిగాడు.

"ఏనాడూ కూర్చోలే. ఇప్పుడు నువ్వు కూర్చున్న తావే. కాళ్ళు రెండూ పైన పెట్టుకుంటాడు. దోవ పొడుగునా మాట్లాడతా బుడ్డలు తింటాడు. తొక్కలన్నీ కిందనే."

సుంకన్న కాళ్ళ కిందికి చూశాడు. తను తుడిచిన చోటు శుభ్రంగా ఉంది. తుడవకుండా ఉండాల్సిందనిపించింది.

"కర్నూలు ఆసుపత్రిలో పోయినాడు," అన్నాడు స్వామి. "ఆయన్ను వ్యానులో తీసుకొచ్చినారు. ఎనకాల ఇది నేను తోలుకొచ్చినా. ఈ పక్క ఎవరూ లేరు. కర్నూలు అంత దూరముంటాదని ఆ రోజే తెలిసింది." బండి గుంతలో దిగి ఎక్కింది. "తెచ్చి షెడ్డులో పెట్టినా. ఆ వారమే దీనికీ దండ వేసినారు, ఇంక నువ్వే స్వామివని నాకూ వేసినారు."

సుంకన్న సీటు అంచు నుంచి వెనక్కి జరిగి ఆనుకుని కూర్చున్నాడు.

కోన మొదట్లో బాట అయిపోయింది. అక్కడి నుంచి రాళ్ళ మధ్య కాలిదారి పైకి పోతుంది. పైన బండల నడుమ గుహ నోరు నల్లగా కనిపిస్తోంది. స్వామి బండి ఆపాడు. ఇంజను చక్కగా ఆడుతోంది. ఆయన దాన్ని ఒక్క క్షణం విని, తాళంచెవి తిప్పి ఆపేశాడు.

ఉన్నట్టుండి కోనంతా నిశ్శబ్దమైపోయింది.

"ఏల ఆపినారు స్వామీ?" అన్నాడు సుంకన్న కంగారుగా. "మళ్ళీ హ్యాండిలు కొట్టల్ల కదా."

"అవును."

"మీరొక్కరే ఎట్ల?"

"నా చేత గాదు," అన్నాడు స్వామి. "నీ తావు వచ్చింది. దిగు."

సుంకన్న మూటతో దిగాడు. కాలిదారి పట్టి కొంతదూరం నడిచాడు. పైన గుహ అలాగే ఉంది. దాంట్లోంచి ఎవరూ రమ్మనడం లేదు, ఎవరూ వద్దనడం లేదు. అతను వెనక్కి తిరిగి చూశాడు. స్వామి తన వైపు చూడడం లేదు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని, ముసలి భుజాలు వంచి, ఎదురుగా మట్టిబాట చూస్తున్నాడు. పక్క తలుపు తను మూయడం మరిచిపోయాడేమో, తెరిచే ఉంది. పక్క సీటు ఖాళీగా ఉంది.

సుంకన్న మూట ఒక భుజం మీది నుంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు.

తర్వాత కిందికి వచ్చాడు. మూట ముందు సీటులో పెట్టాడు. సీటు కింద హ్యాండిలు తీసుకుని బండి ముందుకు వెళ్ళి వంగాడు. వాచిన మణికట్టు సలిపింది. అద్దంలోంచి స్వామి చెయ్యి చోకు మీదికి పోవడం కనిపించింది.

"చోకు వద్దు స్వామీ," అన్నాడు సుంకన్న. "ఇంకా వేడిగానే ఉండాది."